సోమ, గురు, శని ఒక్కపొద్దులు

అశోక్‌నగర్‌లో పక్కింటివాళ్ళ పేరు తెలియనివాళ్ళు చాలామంది ఉంటారు. గల్లీ నిండా హాస్టళ్ళు, కోచింగ్ సెంటర్లు, ఏడాదికోసారి మారే కిరాయిదారులు మరి. కానీ తన్మయి పొట్ట మీది సెట్టు ఏ రోజు మార్చాలో తెలియని మనిషి మాత్రం ఆ గల్లీలో ఒక్కరు కూడా లేరు.

తన్మయికి పద్దెనిమిదేళ్ళు. నారాయణగూడలో డిగ్రీ మొదటి సంవత్సరం, బాటనీ. పదకొండో ఏట టైప్ వన్ షుగర్ వచ్చింది. ఏడేళ్ళలో మొదటి అయిదూ సూదులతో గడిచాయి. రెండేళ్ళ నుంచి నడుముకు ఒక చిన్న ఇన్సులిన్ పంపు ఉంటోంది. దాన్నుంచి సన్నటి గొట్టం వచ్చి, పొట్ట మీద అతికించిన బిళ్ళలో కలుస్తుంది. ఆ గొట్టాన్నీ బిళ్ళనూ కలిపి ఇంట్లో ‘సెట్టు’ అంటారు. రెండు మూడు రోజులకోసారి పాతది తీసేసి, ఇంకో చోట కొత్తది పెట్టుకోవాలి. మూడు రోజులు దాటితే ఆ చోట చర్మం అలిగి ఎర్రబడుతుంది, ఇన్సులిన్ సరిగా లోపలికి పోదు, షుగర్ పైకి ఎక్కి కూర్చుంటుంది. పని మొత్తం పదినిమిషాలు. కష్టమల్లా ఆ పదినిమిషాలు ఏ రోజో గుర్తుంచుకోవడమే.

ఆ గుర్తుంచుకునే పనిని తన్మయి తల్లి అరుంధతి తన నెత్తిన పెట్టుకుని మోసేది. బర్కత్‌పురలో ఒక స్కూల్లో లెక్కల టీచరు ఆవిడ. ఒక లెక్కను మూడు పద్ధతుల్లో సరిచూస్తే గానీ నమ్మని మనిషి. ఆవిడ ఫోన్లో మూడు అలారాలుండేవి. అవి చాలవని ‘తన్మయి సెట్టు’ అని వాట్సాప్ గ్రూపు ఒకటి పెట్టింది. అందులో పదిహేడు మంది. వరంగల్‌లో ఉండే ఫణీంద్ర బాబాయి పొద్దున్నే గులాబీ పువ్వు బొమ్మ పంపి, దాని కింద ‘శుభోదయం, సెట్ మార్చినవా బిడ్డా’ అని రాసేవాడు. మార్చిన రోజూ పంపేవాడు, మార్చని రోజూ పంపేవాడు. తండ్రి రాజీవ్‌కు నారాయణగూడలో స్టేషనరీ దుకాణం. అక్కడ గల్లాపెట్టె పక్కన గడియారం మోగితే, నోటుపుస్తకం కొనడానికి వచ్చిన గిరాకీ కూడా “అన్నా, మీ బిడ్డకు ఫోన్ చేసుకో జర” అనే స్థాయికి వచ్చింది వ్యవహారం.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఈ అమ్మ అడగకుండానే అన్నీ పెట్టింది, ఊరందరి చేతా పెట్టించింది.

ఒకనాడు మెట్ల కింద బట్టలు ఇస్త్రీ చేసే పీరయ్యకు కూడా ఆవిడ ఆ బాధ్యత అప్పగించింది. పీరయ్యది అమ్రాబాద్ దిక్కు అడవి పక్క ఊరు. ఇరవై ఏళ్ళ కింద పట్నం వచ్చాడు గానీ గొంతు ఇంకా అడవిలోనే ఉంది. తన్మయి క్లాసు పిల్లలు అయిదారుగురు రికార్డు పుస్తకాల కోసం ఇంటికొచ్చినప్పుడు, గేటు దగ్గర వాళ్ళ ముందే ఇస్త్రీపెట్టె ఎత్తిపట్టుకుని అరిచాడు.

“పాపా! ఇయ్యాల నీ బొడ్డుకాడి పైపు మార్చుడు దినమట గద! అమ్మ చెప్పింది!”

పిల్లలు నవ్వారు. పాపం, చెడ్డగా నవ్వలేదు. కానీ తన్మయికి ఆ క్షణాన నేల చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది.

ఆ సాయంత్రం ఇంట్లో యుద్ధం. బాటనీ వాళ్ళు నెల తిరిగేసరికి నల్లమలకు టూర్ పోతున్నారు. మంగళవారం నుంచి శనివారం దాకా అయిదు రోజులు. మొక్కలు సేకరించి, ఎండబెట్టి, అట్టలకు అతికించి చూపిస్తే గానీ ప్రాక్టికల్ మార్కులు లేవు. తన్మయికి మార్కులకంటే కూడా ఆ అడవి కావాలి. పుట్టి బుద్ధెరిగాక అమ్మ చూపు దాటి ఒక రాత్రి పడుకున్నది లేదు.

“నేను రాకుంట అయిదు దినాలా? నడుమల సెట్టు మార్చేది ఉంటది. ఎవరు గుర్తు చేస్తరు?” అంది అరుంధతి.

“నేనే చేసుకుంట మమ్మీ.”

“నువ్వా? పోయిన నెల టూత్‌పేస్ట్ మూత ఫ్రిజ్‌ల దొరికింది.”

రాజీవ్ మధ్యలో దూరి సంధి కుదిర్చాడు. ఒక నెల పరీక్ష. నెలరోజులు సెట్టు గురించి తన్మయికి ఎవరూ గుర్తు చేయకూడదు. తనంతట తాను సరిగ్గా మార్చుకుంటే టూర్. ఒక్కసారి తప్పినా టూర్ లేదు, ఏడుపులు లేవు.

పక్కన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న నాయనమ్మ లక్ష్మవ్వ తల ఎత్తకుండానే ఒక మాట అడిగింది.

“అంటె ఎవ్వలు నోటితోని చెప్పొద్దు, అంతేనా?”

“నోటితోని చెప్పొద్దు, ఫోన్‌ల చెప్పొద్దు, సైగ చెయ్యొద్దు అత్తమ్మా. అందరికీ చెప్తున్న,” అంది అరుంధతి.

“సరే తియ్యి,” అంది నాయనమ్మ, ఇంకో చిక్కుడుకాయ అందుకుంటూ.

గ్రూపు మూసేశారు. ఫణీంద్ర బాబాయి దిక్కుతోచక రెండ్రోజులు తన్మయికి విడిగా ఉత్త గులాబీలు పంపాడు.

మొదటి వారం తన్మయి ఫోన్ మీద పడింది. అక్కడే తెలిసింది, మనిషి నెత్తిన కూర్చున్న ఆ ఫోన్‌కు ఎంత తెలివి తక్కువో. అలారం వారంలో ఏ రోజు మోగాలో అడుగుతుంది గానీ, మూడు రోజులకోసారి అంటే దానికి బోధపడదు. సోమవారం మారిస్తే తర్వాత గురువారం, ఆ తర్వాత ఆదివారం, ఆ తర్వాత బుధవారం. మూడుకూ ఏడుకూ ఏ కాలంలోనూ పొత్తు కుదరదు. ప్రతిసారీ కొత్తగా పెట్టుకోవాలి. పెట్టుకోవడం గుర్తుండాలంటే దానికో అలారం కావాలి.

పంపులోనే గుర్తు చేసే ఏర్పాటు ఉంది కదా అంటారా? ఉంది. దాని కథ చిక్కడపల్లి లైబ్రరీలో ముగిసింది. గ్రూప్ పరీక్షలకు చదివేవాళ్ళు ఊపిరి కూడా లెక్కబెట్టి పీల్చే హాలది. తన్మయి ఒక మూల ఫెర్న్ మొక్కల పాఠం చదువుతుంటే నడుము దగ్గర పంపు కీచుమంది. నలభై తలలు లేచాయి. ఎదురుగా ఉన్నాయన, నాలుగోసారి పరీక్ష రాస్తున్నాడేమో, కళ్ళు నిప్పులు చేసుకుని అన్నాడు.

“ఫోన్ సైలెంట్‌ల పెట్టుకోవాలె అక్కా.”

“ఫోన్ కాదన్నా,” అంది తన్మయి గాభరాగా. “మోగుతున్నది నేనే.”

ఆయన తన పుస్తకాలు తీసుకుని ఇంకో బల్లకు వెళ్ళిపోయాడు. తన్మయి బాత్రూంలోకి పోయి పంపులో సెట్టు గుర్తుచేసే మోతను తీసేసింది. గొట్టం మూసుకుపోతే, ఇన్సులిన్ అయిపోతే మోగేవి మాత్రం ముట్టుకోలేదు. అంత బుద్ధి ఉంది. పూర్తి బుద్ధి ఉంటే ఇది కథే అయ్యేది కాదు.

అలా ఆ గురువారం పొద్దున ఆమెకు సెట్టు సంగతే జ్ఞాపకం లేదు. అద్దం ముందు జడ వేసుకుంటోంది. వంటింట్లోంచి జీలకర్ర చిటపటలు, పల్లీలు వేగిన వాసన, దాని వెనక సాబుదాన కిచిడీ కమ్మదనం వచ్చింది.

“నాయనమ్మా, ఇయ్యాల శనివారమా?”

“గురువారం. సాయిబాబా ఒక్కపొద్దు,” అంది నాయనమ్మ.

నాయనమ్మకు డెబ్బై ఆరేళ్ళు. శనివారం ఒక్కపొద్దు ఉండడం ఎప్పటి నుంచో ఉన్నదే. పొద్దున గుప్పెడు సాబుదాన కిచిడీ, మళ్ళీ దీపం పెట్టాక ఏదో కాస్త. ఇప్పుడు కార్తీకమాసమని సోమవారం శివుడికి మొదలుపెట్టింది, ఈరోజు గురువారం కూడా చేర్చింది. తర్వాత కార్తీకం అయిపోయినా సోమవారం మానలేదు, అడిగితే “వయసైతున్నది, పుణ్యం జమ చేసుకోవద్దా” అంది. రాజీవ్ నవ్వి, “అమ్మకు భక్తి ముదిరింది” అని దుకాణానికి పోయాడు.

ఆ పొద్దున గురువారం అన్న మాట వినగానే తన్మయి చేతిలో దువ్వెన ఆగింది. సోమవారం మార్చింది. ఈరోజుకు మూడు రోజులు! పరుగెత్తి సెట్టు మార్చుకుంది. మార్చుకుంటూ ఉంటే బుర్రలో దీపం వెలిగింది. సోమ, గురు, శని. సోమవారం నుంచి గురువారానికి మూడు రోజులు, గురువారం నుంచి శనివారానికి రెండు, శనివారం నుంచి సోమవారానికి రెండు. ఎక్కడా మూడు దాటదు! ఆస్పత్రిలో షుగర్ పిల్లలకు నేర్పే ఉదయశ్రీ మేడంకు ఫోన్ చేసి అడిగింది. “రెండు దినాలకు మార్చినా మంచిదేనమ్మా, మూడు దాటొద్దు. సెట్లు జర ఎక్కువ పడతాయి, ముందే తెప్పించుకో,” అందావిడ.

ఇక చూడండి. నాయనమ్మ ఒక్కపొద్దు, మనవరాలి సెట్టు. ఎవరూ నోటితో చెప్పడం లేదు కనుక ఒప్పందం తప్పినట్టూ కాదు. వంటింట్లో జీలకర్ర చిటపటమంటే చాలు, తన్మయి చేయి దానంతటదే సెట్ల పెట్టె మీదికి పోయేది. అలారం లేదు, లెక్క లేదు, కాలెండర్ లేదు. ముక్కు ఒక్కటి ఉంటే చాలు. ఆ కిచిడీలో మాత్రం ఒక్క చెంచా కూడా పెట్టేది కాదు నాయనమ్మ. “నీకు సాబుదాన పడది, షుగర్ పెరుగుతది. వాసన జూడు, చాలు,” అనేది. ఆ మాటను తన్మయి ఎన్నడూ పట్టించుకోలేదు. పట్టించుకుని ఉంటే ముందే తెలిసిపోయేది.

మూడు వారాలు నల్లేరు మీద బండి నడకలా సాగింది. అవస్థంతా అరుంధతిదే. పొద్దున్నే కూతురి గది ముందు నిలబడి, నోరు తెరిచి, మూసుకుని, “టమాటాలు అయిపోయినయ్” అని వెనక్కి పోయేది. ఆ నెలలో ఆవిడ అన్ని సంగతులూ టమాటాల మీదికే మళ్ళించింది. చూసి తన్మయి లోలోపల పొంగిపోయింది. స్నేహితురాలు అంబికతో గొప్పలు కూడా పోయింది. “సిస్టం పెట్టుకోవాలె అంబికా, అంతే. మనసు పెడితే అయితది.” మనసు పెట్టింది ఎవరో, పుణ్యం ఎవరిదో అప్పటికి తెలియదు కదా!

టూర్ ఇంకా ఆరు రోజులు ఉందనగా, శనివారాలూ సోమవారాలూ గురువారాలూ కరిగించుకున్న నాయనమ్మ ఒంట్లో ఇక కరగడానికి ఏమీ మిగల్లేదు. బుధవారం సాయంత్రం దేవుడి గదిలోంచి లేస్తూ కళ్ళు తిరిగి గోడకు చేరబడింది. డాక్టరు చూసి, బీపీ బాగా పడిపోయిందన్నాడు. ఈ వయసులో వారానికి మూడు ఉపవాసాలేమిటని కొడుకునూ కోడలినీ కలిపి చీవాట్లు పెట్టాడు.

గురువారం పొద్దున అరుంధతి స్కూలుకు సెలవు పెట్టి, ఇడ్లీలు వేసి, అత్తగారి మంచం పక్కన కూర్చుని ముక్క ముక్కా తినిపించింది. ఇల్లంతా ఇడ్లీ ఆవిరి, అల్లం చట్నీ వాసన. తన్మయి నాయనమ్మ నుదురు ముట్టుకుని చూసి, “పైలం నాయనమ్మా” అని, రెండు ఇడ్లీలు తిని కాలేజీకి వెళ్ళింది. జీలకర్ర చిటపటమనలేదు. చేయి పెట్టె మీదికి పోలేదు.

శుక్రవారం ల్యాబులో పదకొండు గంటలకు దాహం మొదలైంది. సీసా ఖాళీ చేసింది, మళ్ళీ నింపింది, మళ్ళీ ఖాళీ చేసింది. అంబిక పెన్సిల్ అడిగితే కసురుకుంది. బాటనీ చెప్పే రాఘవేంద్ర సార్ వచ్చి, ఆమె గీసిన బొమ్మ చూసి, “ఇదేం ఆకమ్మా, కాకరకాయ లెక్క ఉంది” అన్నాడు. అప్పుడనుమానం వచ్చి వేలు గుచ్చి చూసుకుంది. మూడు వందల నలభై ఎనిమిది. చొక్కా కొంచెం పైకి తీసి చూస్తే బిళ్ళ చుట్టూ ఎర్రగా వాచింది.

సోమవారం పెట్టిన సెట్టు. ఇయ్యాల శుక్రవారం. వేళ్ళ మీద లెక్కబెట్టుకుంది, నాలుగు రోజులు. షుగర్ కంటే ముందు నల్లమల చేజారిందని గుర్తొచ్చింది.

సంచిలో ఎప్పుడూ ఉండే ఇన్సులిన్ పెన్నుతో, మేడం నేర్పినట్టే లెక్క చూసుకుని ఇంజెక్షన్ తీసుకుంది. సెట్టు మాత్రం ఇంట్లో ఉంది. అంబిక ఆటో పిలిచింది. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దాకా సిగ్నళ్ళన్నీ ఎర్రగానే ఉన్నాయి, పొట్ట మీది మచ్చలాగే.

ఇంట్లో అప్పటికే ఇంకో యుద్ధం నడుస్తోంది. నాయనమ్మ రేపటి శనివారం ఒక్కపొద్దు ఉండి తీరతానంటోంది, ఇవాళ కూడా సెలవు పెట్టిన అరుంధతి వీల్లేదంటోంది. తన్మయి గుమ్మంలోకి రాగానే తల్లి మొహం చూసి అడిగింది.

“ఏమైంది? ఎంతుంది?”

దాచేదేముంది! తన్మయి చెప్పింది. అరుంధతి కొత్త సెట్టు తెచ్చింది, చేతులు కడుక్కుని రమ్మంది, నీళ్ళ చెంబు పక్కన పెట్టింది. పరీక్ష పుల్లతో చూస్తే, ఇన్సులిన్ అందనప్పుడు ఒంట్లో చేరే కీటోన్లు కొద్దిగానే ఉన్నాయి. గంటన్నర పోయాక షుగర్ రెండు వందల అరవైకి దిగింది. అప్పుడు కుర్చీలో కూలబడి అంది.

“టూర్ లేదు.”

“సరే మమ్మీ,” అంది తన్మయి. కళ్ళ నిండా నీళ్ళు.

“దాని తప్పు లేదు!” మంచం మీంచి నాయనమ్మ గొంతు ఖంగుమంది. “తప్పు నాది. నిన్న నేను ఇడ్లీలు తిన్న!”

తల్లీకూతుళ్ళిద్దరూ అటు తిరిగారు.

“మీరు ఇడ్లీ తినుడుకు, అది సెట్టు మార్చకపోవుడుకు ఏం సంబంధం అత్తమ్మా?”

“నేను ఇడ్లీ తిన్న, సాబుదాన చెయ్యలే. వాసన రాలే. వాసన రాకుంటే దానికి ఎట్ల యాదికొస్తది?”

తన్మయి మంచం దగ్గరికి పోయింది. “నాయనమ్మా... నీకు ఎట్ల తెలుసు?”

“నాకు తెల్వకుంట ఎవ్వలకు తెలుస్తది? చేసింది నేను గద!” నాయనమ్మ ఇక ఆగలేదు. “సాయిబాబా నన్ను అడిగిండా? శివుడు అడిగిండా? నోటితోని చెప్పొద్దు, ఫోన్‌ల చెప్పొద్దు, సైగ చెయ్యొద్దు అంటివి. పొయ్యి మీద కిచిడీ పెట్టొద్దని అంటివా? మూడు దినాలకు ఒకపారి అంటే ఏ వారాలు కుదురుతయో నాలుగు రాత్రులు లెక్కబెట్టిన. ఫోన్‌కు రాని లెక్క నా దేవుండ్లకు వచ్చింది.”

డెబ్బై ఆరేళ్ళ మనిషి, మనవరాలి ముక్కుకు ఒక వాసన తగలడానికి, వారానికి మూడు రోజులు కడుపు మాడ్చుకుంది!

అరుంధతి ఏడ్చింది. ఆవిడ ఏడవడం తన్మయి చూసి ఏడేళ్ళయింది. “మీకు తెల్వదు అత్తమ్మా,” అంది కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. “అప్పుడు గీ పిల్ల రోజుకు నాలుగు సీసాల నీళ్ళు తాగుతుంటే, మంచిగ తాగుతున్నదని నేను మురిసిన. స్కూల్ల టీచర్లకు కూడా చెప్పుకున్న. నాలుగు దినాలకు ఆస్పత్రిల పడ్డది. లెక్కల టీచర్‌ను, గంత మోటు లెక్క నాకు రాలే. అందుకే అందరితోని చెప్పిస్త. నేను ఒక్కదాన్నే చూస్తే మల్ల తప్పుతనేమో అని.”

తన్మయి తల్లి పక్కన కింద కూర్చుంది. అమ్మ అలారాలను రెండేళ్ళుగా తిట్టుకుంది గానీ, అవి ఎక్కడ పుట్టాయో ఈరోజే తెలిసింది. నడుము నుంచి పంపు తీసి, అమ్మ చూస్తుండగానే లైబ్రరీలో తీసేసిన మోతను మళ్ళీ పెట్టింది.

“మమ్మీ, నువ్వన్నదే నిజం. నేను గుర్తువెట్టుకున్నది సెట్టును కాదు, కిచిడీని. టూర్ వద్దు. కానీ ఒక్క పని మాత్రం నాకియ్యి. సోమ, గురు, శని నాయనమ్మకు పొద్దుగాల తినిపించే డ్యూటీ నాది. ఆమె తినేదాకా నేను ఇంట్ల నుంచి కదల.”

“నేను తిన,” అంది నాయనమ్మ వెంటనే. “నువ్వు సెట్టు మార్చినవని చెప్పినంకనే నేను ముద్ద ముట్టేది. చెప్పకుంటే సాయంత్రందాకా గట్లనే కూసుంట. డాక్టర్ను పిల్చుకుంటావో, పోలీసులనే పిల్చుకుంటావో నీ ఇష్టం.”

“నాయనమ్మా, గిదేం బెదిరింపు!”

“బెదిరింపు కాదు. మొక్కు.”

అరుంధతి అత్తగారిని చూసింది, కూతురిని చూసింది. లెక్కల టీచరు కదా, మూడు పద్ధతుల్లో సరిచూసుకున్నట్టుంది. ముక్కు చీదుకుని అంది.

“నా మూడు అలారాలు ఆఫ్ చేసినవ్. పంపును ఆఫ్ చేసినవ్. గీ అలారాన్ని ఎట్ల ఆఫ్ చేస్తవో నేను జూస్త. శనివారం, సోమవారం రెండూ తప్పకుంటే మంగళవారం బస్ ఎక్కు.”

రెండూ తప్పలేదు. తప్పే అవకాశం నాయనమ్మ ఇవ్వలేదు. పొద్దున్నే ఇడ్లీ పళ్ళెం ముందు పెట్టుకుని, చేతులు కట్టుకుని, మనవరాలి గది తలుపు వైపు చూస్తూ కూర్చుంది. ఆ చూపు ముందు ఏ ఫోను, ఏ పంపు పనికొస్తుంది?

మంగళవారం బస్సుకు పోతుంటే పీరయ్య ఇస్త్రీపెట్టె కింద పెట్టి ఎదురొచ్చాడు. ఈసారి గొంతు తగ్గించాడు. దాదాపు చెవిలో చెప్పాడు.

“పాపా, మా దిక్కు పోతున్నవట. ఆడ ఫోన్లు పలకయ్. మీరు దిగే కాడ చెరువు అవతల కోతుల గుండు అని పెద్ద రాయి ఒకటుంటది. దాని నెత్తి మీదికెక్కితే సిగ్నల్ దొరుకుతది. మా పిల్లలు ఆడికెల్లే నాకు ఫోన్ చేస్తరు.”

తన్మయి సంచిలో సెట్లు నాలుగు ఎక్కువే ఉన్నాయి, ఇన్సులిన్ చల్లటి సంచిలో ఉంది, పెన్ను ఉంది, బ్యాటరీ ఉంది. గుండు మాట మాత్రం ఆ క్షణాన నవ్వుకుని మరిచిపోయింది.

గురువారం పొద్దున నల్లమలలో పంపు కీచుమంది. ఇక్కడ తిట్టడానికి గ్రూప్ పరీక్షల అన్నలు లేరు, ఒక నెమలి మాత్రం జవాబు చెప్పింది. తన్మయి చేతులు కడుక్కుని, పాత సెట్టు తీసి, కుడి పక్క కొత్తది పెట్టుకుంది. ఏడుంబావుకు పని అయిపోయింది. ఫోన్ తీసింది. సిగ్నల్ గీతలు ఒక్కటీ లేవు.

గదిలో లేదు, బయట లేదు, బస్సు మీదికెక్కినా లేదు. ఎనిమిదయింది. వంట మనిషిని ఫోన్ అడిగింది, అదీ మూగదే. తొమ్మిదికి మొక్కల కోసం అడవిలోకి బయల్దేరారు. తన్మయికి ఒక్క ఆకూ కనబడడం లేదు. కళ్ళ ముందు ఒకటే బొమ్మ. అశోక్‌నగర్‌లో పళ్ళెం, పళ్ళెంలో ఇడ్లీలు, ఇడ్లీల ముందు చేతులు కట్టుకుని కూర్చున్న ముసలమ్మ. డాక్టరు ఇచ్చిన గోలీ తిన్నాకే వేసుకోవాలి. తినదు. మొక్కు అంది.

చెరువు దాటుతుండగా ఎత్తుగా, బోడిగా, నెత్తిన నాలుగు కోతులతో ఒక గుండు కనబడింది.

తన్మయి సంచి కింద పడేసి పరుగు తీసింది. రాళ్ళు పట్టుకుని ఎక్కుతుంటే వెనక నుంచి రాఘవేంద్ర సార్, “ఏయ్, ఏం కనబడ్డదమ్మా?” అని అరిచి తానూ ఎక్కడం మొదలుపెట్టాడు. ఎక్కడా దొరకని మొక్క ఏదో కనబడిందనుకుని క్లాసు క్లాసంతా అట్టలు పట్టుకుని ఆయన వెనక ఎక్కింది. కోతులు విసుక్కుని దిగిపోయాయి.

“ఏం మొక్క? ఏం మొక్క?” అన్నాడు సార్ రొప్పుతూ.

“మొక్క కాదు సార్, మొక్కు,” అంది తన్మయి ఫోన్ ఆకాశానికి ఎత్తి. ఒక గీత వచ్చింది. రెండు.

స్కూలుకు సెలవు పెట్టి కూర్చున్న అరుంధతి మొదటి రింగుకే ఎత్తింది. హలో అనలేదు. “ఇస్తున్న” అని ఫోన్ అటు ఇచ్చేసింది. టైము పదకొండుంబావు.

“మార్చినవా?” గొంతు నీరసంగా ఉంది, కోపంగా కూడా ఉంది.

“ఏడుంటికే మార్చిన నాయనమ్మా! సిగ్నల్ లేకుండె. నువ్వు తిన్నవా?”

“నీ ఫోన్ రానిది ఎట్ల తింట?”

తన్మయి రాతి మీద కూలబడింది. చుట్టూ నలభై మంది నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. ఆమెకు ఒక్కరు కూడా కనబడలేదు.

“ఇప్పుడు తిను. నా ముంగటనే తిను. మమ్మీకి చెప్పు, ఇడ్లీలు వేడి చేస్తది.”

“సల్లగున్నా ఏం కాదు, తింట తియ్యి. నువ్వు పో, నీ ఆకులు తెంపుకోపో.”

“నేను పోను. నమిలే సప్పుడు ఇనబడాలె.”

అటు నుంచి పళ్ళెం జరిపిన చప్పుడు వచ్చింది. ఒక ముద్ద. తర్వాత ఇంకోటి. గుండు మీద రాఘవేంద్ర సార్ పిల్లలకు నోరు మూసుకోమని చేయి చూపించి, తానూ ఒక రాయి చూసుకుని కూర్చున్నాడు. నాలుగో ఇడ్లీ అయిపోయేదాకా ఎవరూ కిందికి దిగలేదు.